పాత సెమీ ఆటోమేటిక్ వేట రైఫిల్ అమ్మకానికి వస్తే: బెంగళూరులో ఉండేవాళ్ళు ఏది ముందు చూడాలి, ఏది చివర చూడాలి

చిత్తూరు, అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి బెంగళూరులో సెటిలైన పాత కుటుంబాల్లో తాతల కాలం నాటి రైఫిల్ ఒకటి ఎక్కడో డీలర్ దగ్గర డిపాజిట్లో పడి ఉండడం మామూలే. మూడో తరం వాళ్ళకి దాని మీద ఆసక్తి ఉండదు, ఏటా స్టోరేజీ ఛార్జీ కట్టలేక అమ్మేద్దాం అనుకుంటారు, ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. షూటింగ్ రేంజ్‌కి పోయే మన కుర్రాళ్ళు ఆ ఫోటో చూసి, వాల్‌నట్ కట్టె మెరుపు చూసి, అడ్వాన్స్ ఇచ్చేద్దామా అన్నా అని అడుగుతుంటారు. నా మాట ఒక్కటే: అమ్మేవాళ్ళు ముందు కట్టె చూపిస్తారు, తర్వాత కథ చెప్తారు, ఆ తర్వాత రేటు, కాగితాలు మాత్రం చివర. కొనేవాళ్ళు దీన్ని పూర్తిగా తిరగేయాలి. ముందు కాగితం, తర్వాత తూటా, తర్వాత మెషిన్, రేటు అన్నిటికంటే చివర. ఈ వరస తప్పితే డబ్బు పోవడం చిన్న విషయం, కేసులో ఇరుక్కుంటారు.

అసలు ఇది మీ లైసెన్స్ మీద ఎక్కుతుందా

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. లైసెన్స్ ఉంది కదా, రైఫిల్ అంటే రైఫిలే కదా అనుకుంటారు. కాదు. 2016 ఆయుధాల రూల్స్ మొదటి షెడ్యూల్లో సెమీ ఆటోమేటిక్ తుపాకులకి, అంటే ఒక్క నొక్కుడుకి ఒక తూటా పేల్చి తర్వాతి తూటా దానంతటదే ఎక్కించుకునేవాటికి, ఒకటి బి అని వేరే కేటగిరీ ఉంది, ప్రతి తూటాకి చేత్తో బోల్ట్ లాగి ఎక్కించే మామూలు బోల్ట్ యాక్షన్ వేట రైఫిళ్ళు మూడో కేటగిరీలోకి వస్తాయి. పాయింట్ 303 గానీ 7.62 మిల్లీమీటర్ గానీ సర్వీస్ తూటా (సైన్యం, పోలీసులు వాడేది) పట్టే రైఫిల్ అయితే బోల్ట్ యాక్షన్ అయినా సరే ఒకటి సి లోకి పోతుంది. అందుకని మీ దగ్గరున్న మామూలు లైసెన్స్ చూసి "ఎక్కుతుందిలే సార్" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు, డీలర్ అన్నా నమ్మొద్దు. మేక్, మోడల్, క్యాలిబర్ (తూటా కొలత), సెమీ ఆటోమేటిక్ అనే మాట, సీరియల్ నంబర్ అన్నీ రాసి, ఇది నా లైసెన్స్ మీద ఎక్కుతుందా అని లైసెన్సింగ్ అథారిటీకి రాతపూర్వకంగా పెట్టి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. బెంగళూరు సిటీ లిమిట్స్‌లో ఉంటే అది పోలీస్ కమిషనర్ ఆఫీసు, ఇన్‌ఫాంట్రీ రోడ్డు. చెన్నైలో అయితే వేపేరిలోని కమిషనర్ ఆఫీసు. జవాబు లేటవుతుంది, అవనివ్వండి, అది వచ్చేదాకా ఒక్క రూపాయి కూడా చెయ్యి మారకూడదు.

ఇంకో లెక్క ఏంటంటే 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండగలిగే తుపాకులు మూడు నుంచి రెండుకి తగ్గాయి, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండులోనే లెక్క. మీ పేరు మీద ఆల్రెడీ రెండుంటే ఈ మాట ఇక్కడితో ఆపేయండి. లైసెన్స్ గడువు మాత్రం అదే సవరణలో మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు అయింది.

కొడగు నుంచి వచ్చే తుపాకుల గురించి కూడా ఒక మాట. కొడవ జాతివాళ్ళకి, అక్కడి జమ్మా భూమి (పాత రాజుల కాలం నాటి వంశపారంపర్య భూమి) ఉన్నవాళ్ళకి లైసెన్స్ నుంచి మినహాయింపు ఉన్న సంగతి బెంగళూరులో అందరికీ తెలిసిందే. ఆ మినహాయింపు ఆ మనుషులకి, తుపాకీకి కాదు. అది మీ చేతికి వచ్చిందంటే మీకు లైసెన్స్ ఉండాల్సిందే.

అమ్మేవాళ్ళని అడగాల్సినవి

ఫోన్‌లో రేటు అడక్కండి. మర్యాదగా ఇట్లా మొదలుపెట్టండి: "పెదనాన్నగారి పేరు మీదున్న లైసెన్స్ ఇప్పుడు ఎక్కడుందండి? ఆయన పోయాక ఎవరి పేరుకి మార్చారు? రైఫిల్ ఇంట్లో ఉందా, డిపాజిట్లో ఉందా?" ఈ మూడిటికి సూటిగా జవాబు వస్తే మాట్లాడొచ్చు. లైసెన్స్ ఉన్న మనిషి పోయిన తర్వాత ఆ తుపాకీ ఇంట్లో బీరువాలో పెట్టుకోవడానికి కుదరదు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి, చట్టం 21వ సెక్షన్ అదే చెప్తుంది. "ఇంట్లోనే ఉందండీ, ఎవరికీ చెప్పలేదు" అన్నారనుకోండి, మీరు చూడ్డానికి కూడా పోవద్దు. ముందు డిపాజిట్ చేయించుకోమని మంచిగా చెప్పండి, అది వాళ్ళకీ మేలే.

వారసులు ఎక్కువమంది ఉన్న కేసుల్లో డెత్ సర్టిఫికెట్, లీగల్ హెయిర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నో అబ్జెక్షన్ అడగండి. అమెరికాలో ఉన్న చిన్న కొడుకు సంతకం పెట్టలేదు అనే ఒక్క కారణంతో ఆగిపోయే అమ్మకాలు ఉంటాయి, అది ముందే తెలిస్తే మీకు టైమ్ మిగులుతుంది.

తర్వాత లైసెన్స్ ఒరిజినల్ చూడండి, జిరాక్స్ కాదు. గడువు ఉందా, యూనిక్ ఐడెంటిఫికేషన్ నంబర్ పడిందా, తుపాకీ వివరాల కాలమ్‌లో ఏం రాశారు. పాత లైసెన్సుల్లో గుమాస్తాలు చేత్తో రాసేటప్పుడు సెమీ ఆటోమేటిక్ అనే మాట వదిలేసి ఉత్త రైఫిల్ అని రాసేసిన సందర్భాలు ఉంటాయి, మేకర్ పేరు బదులు షాపు పేరు రాసేసినవి కూడా. మద్రాసు పి.ఓర్ అండ్ సన్స్ లాంటి పాత కంపెనీలు విదేశీ తుపాకులు తెప్పించి అమ్మేవి, అమ్మిన షాపు పేరు కూడా తుపాకీ మీద కొట్టించడం అప్పట్లో ఆనవాయితీ. ఆ పేరు అమ్మినవాళ్ళది, తయారు చేసినవాళ్ళది కాదు. లైసెన్స్‌లో ఒకటి, ఇనుము మీద ఒకటి ఉంటే అమ్మేవాళ్ళే ముందు సరి చేయించుకుని రావాలి, కొన్నాక మనం చేయించుకుందాంలే అనుకోవద్దు.

సీరియల్ నంబర్ ఒక్కొక్క అంకె వేలు పెట్టి చదవండి. 3 ని 8 గా, 1 ని 7 గా రాసిన లైసెన్సులు ఉంటాయి. నంబర్ దగ్గర మెటల్ కొంచెం గుంట పడి, చుట్టూ మెరుపు వేరేగా ఉంటే ఎవరో రుద్ది మళ్ళీ కొట్టారని అర్థం. నంబర్, మేకర్ గుర్తు లేని తుపాకీ అమ్మడం, గుర్తు చెరపడం నేరం. అక్కడితో లేచి వచ్చేయండి, తగ్గించి ఇస్తాం అన్నా సరే.

ప్రైవేటుగా ఒకరి నుంచి ఒకరు కొనొచ్చు, కాకపోతే అమ్మే మనిషి జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గర్లోని పోలీస్ స్టేషన్ ఆఫీసర్‌కి గానీ కొనేవాళ్ళ పేరు అడ్రస్‌తో సహా రాసిచ్చి, 45 రోజులు దాటాకే ఇవ్వాలి. ఆ రాసిచ్చిన లెటర్ మీద స్టేషన్ సీలు, తేదీ పడిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. రాయలసీమలో ఉన్న రైఫిల్ అయితే ఇంకోటి చూడాలి, వాళ్ళ లైసెన్స్ రాష్ట్రం లోపలే చెల్లుతుందా, దేశమంతా చెల్లుతుందా అని. ఒక రాష్ట్రానికే పరిమితమైన లైసెన్స్‌తో పలమనేరు దాటి ముళబాగిలు వైపు కారు డిక్కీలో తెస్తే దారిలో పట్టుకుంటే ఎవరూ కాపాడలేరు. ఇట్లాంటప్పుడు రెండు వైపులా లైసెన్స్ ఉన్న డీలర్లని పెట్టుకుని వాళ్ళ రిజిస్టర్ల ద్వారా తెప్పించుకోవడమే మంచిది, కమిషన్ పోతే పోనీ.

తూటా దొరుకుతుందా

కాగితాలు సరిపోయాక కూడా రైఫిల్ చూడ్డానికి తొందర పడకండి, ముందు బ్యారెల్ మీద కొట్టిన క్యాలిబర్ ఏంటో తెలుసుకుని దానికి తూటా మీకు చట్టబద్ధంగా, మళ్ళీ మళ్ళీ దొరికే దారి ఉందా అని చూడండి. మన దేశంలో పుణె ఖడ్కీ ఫ్యాక్టరీ పాయింట్ 315, 30-06, 12 బోర్ లాంటివి చేస్తుంది, 2021 అక్టోబర్ నుంచి అది మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద ఉంది. పాత అమెరికన్ సెమీ ఆటోలు ఎక్కువ శాతం వీటిలో దేనికీ సరిపోవు.

మనవైపు మాటల్లో వినిపించే పేర్లు చెప్తా. రెమింగ్టన్ మోడల్ 8, జాన్ బ్రౌనింగ్ డిజైన్, 1906లో మార్కెట్లోకి వచ్చింది, 1911 నుంచి మోడల్ 8 అన్నారు, 1936లో దాని బదులు మోడల్ 81 వచ్చింది. ఇది 25, 30, 32, 35 రెమింగ్టన్ తూటాలు వాడుతుంది. వించెస్టర్ 1905, 1907, 1910 అని మూడు, ఒకదాని తూటా ఇంకోదానికి పనికిరాదు, 1905 లో 32, 35 అని రెండు రకాలు, 1907 ది 351 అయితే 1910 ది 401. ఇవి బయటి దేశాల్లోనే దొరకడం కష్టం. పేలిన తూటాల ఖాళీ కేసుల్లో (ఇత్తడి తొడుగుల్లో) మళ్ళీ మందు నింపుకోవచ్చు కదా అని ఎవరన్నా సలహా ఇస్తారు, ఇక్కడ లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం నేరం, ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

పాయింట్ 22 అయితే పరిస్థితి కొంచెం నయం, అక్కడ కూడా ఒక గోతి ఉంది. వించెస్టర్ 1903 కి 22 ఆటోమేటిక్ అని దాని సొంత తూటా, అది లావు ఎక్కువ, మామూలు 22 లాంగ్ రైఫిల్ తూటా అందులో వదులుగా కూర్చుంటుంది, పేలిస్తే కేసు ఉబ్బి చీలుతుంది. 1933 నుంచి 1958 దాకా చేసిన వించెస్టర్ 63 చూడ్డానికి దానికి తమ్ముడిలా ఉంటుంది కానీ అది 22 లాంగ్ రైఫిల్‌కే చేసింది. ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బ్యారెల్ మీద అక్షరాలు క్లోజప్‌లో అడిగి తెప్పించుకోండి. బ్రౌనింగ్ వాళ్ళ 1967 తర్వాతి, గ్యాస్‌తో పనిచేసే BAR అనే రైఫిల్ అయితే 30-06 లో ఉంటే తూటా దొరుకుతుంది, 308 లో ఉంటే 7.62 సర్వీస్ తూటా కూడా పడుతుంది కాబట్టి మళ్ళీ ఆ ఒకటి సి తలనొప్పి.

తూటా లేని రైఫిల్ గోడకి తగిలించుకుందాం అనుకున్నా లైసెన్స్, రెన్యువల్, డిపాజిట్ అన్నీ మామూలుగానే ఉంటాయి. ఆ లెక్క మీకు ఓకే అయితేనే ముందుకి.

ఇప్పుడు చేతిలోకి తీసుకోండి

డీలర్ షాపులోనే చూడండి, పగటి వెలుగులో. ముందు ఖాళీ అని మీరే తేల్చుకోవాలి, "ఖాళీయే సార్" అనే మాట లెక్కలోకి రాదు. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, కంటితో చూసి, చిటికెన వేలితో ఛాంబర్ (తూటా కూర్చునే గది) తడిమి చూడాలి. వించెస్టర్ 63 లాంటి వాటిలో మ్యాగజైన్ ట్యూబ్ బట్ (భుజానికి ఆనించే కట్టె) లోపల ఉంటుంది, ట్యూబ్ పూర్తిగా లాగేసినా ఒక తూటా లోపల ఫీడ్ అయ్యే దారిలో ఆగిపోయి ఉండొచ్చు, అందుకే బోల్ట్ చాలాసార్లు ఆడించి మళ్ళీ చూడాలి. ఇదే రైఫిల్‌ని కాక్ చేసే (పేల్చడానికి సిద్ధం చేసే) రాడ్ ఫోర్ ఎండ్ (బ్యారెల్ కింద పట్టుకునే కట్టె) ముందు వైపు బయటికి ఉంటుంది, దాన్ని అరచేత్తో వెనక్కి నొక్కాలి, నొక్కేటప్పుడు చెయ్యి బ్యారెల్ మూతికి అడ్డం రాకుండా చూస్కోండి.

బ్యారెల్ లోపల చూడ్డానికి టార్చ్ కన్నా తెల్ల కాగితం ముక్క మంచిది. బోల్ట్ తెరిచి, కాగితం వంచి ఛాంబర్ వెనక పెట్టి కిటికీ వైపు తిప్పితే వెలుగు మెత్తగా లోపలికి పోతుంది, మూతి వైపు నుంచి చూస్తే లోపలి మెలికల గాడులు క్లియర్‌గా కనిపిస్తాయి. గాడుల అంచులు గుండ్రంగా అరిగాయా, మధ్యలో నల్లటి చుక్కలు చుక్కలుగా తుప్పు తిన్న గుంటలు ఉన్నాయా. పాత తూటాల ప్రైమర్లలో (పిన్ తగిలితే నిప్పు పుట్టించే భాగం) పొటాషియం క్లోరేట్ ఉండేది, కాల్చాక అది ఉప్పుగా మిగిలి గాలిలో తేమ లాగుతుంది, నీళ్ళతో కడగకుండా ఉత్త నూనె రాసి పెట్టేస్తే లోపల తినేస్తుంది. మన వైపు పాత వేట తుపాకుల్లో ఇది బాగా కనిపిస్తుంది. అక్కడక్కడ మచ్చలుంటే పర్లేదు, ఛాంబర్‌లో గుంటలుంటే మాత్రం ఖాళీ కేసు బయటికి రాదు, సెమీ ఆటోకి అది పెద్ద జబ్బు. లోపల ఒక చోట ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే బయట నుంచి అదే చోట వేలు జరిపి చూడండి, కొంచెం ఉబ్బు తగిలితే అడ్డం ఉన్నప్పుడు ఎవరో కాల్చారు. అది వద్దు.

22 రైఫిల్ అయితే ఇంకో చోట తప్పనిసరిగా చూడాలి, ఛాంబర్ నోటి అంచు. 22 లాంటి రిమ్‌ఫైర్‌లో ఫైరింగ్ పిన్ తూటా అంచు మీద కొడుతుంది, ఖాళీగా పదే పదే ట్రిగ్గర్ నొక్కే అలవాటున్న ఇంట్లో పిల్లల చేతుల్లో పడితే పిన్ నేరుగా ఇనుము మీద కొట్టి అక్కడ చిన్న గుంట చేస్తుంది, ఆ గుంట నుంచి మెటల్ లోపలికి పొంగుతుంది. పుల్ల ఒకటి తీసుకుని అంచు చుట్టూ మెల్లగా తిప్పితే ఆ పొంగు దగ్గర పుల్ల టక్కుమని ఆగుతుంది. తూటా ఎక్కడం కష్టంగా ఉండడానికి, కొన్ని పేలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. మంచి మెకానిక్ దగ్గర ఇది సరి చేయించుకోవచ్చు, రేటులో తగ్గించుకోండి.

ఇక ట్రిగ్గర్. స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి, వదలండి, ఇప్పుడు ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తీయండి. హ్యామర్ (ఫైరింగ్ పిన్‌ని కొట్టే భాగం) పడకూడదు. తర్వాత ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే బోల్ట్ వెనక్కి లాగి వదిలేయండి, హ్యామర్ బోల్ట్‌తో పాటు ముందుకి రాకూడదు, ట్రిగ్గర్ మెల్లగా వదిలినప్పుడు ఒక క్లిక్ వినిపించాలి, మళ్ళీ నొక్కితేనే పడాలి. ఇది పాస్ కాకపోతే ఆ రైఫిల్ ఒక్క నొక్కుడుకి రెండు మూడు పేలుస్తుంది. అది ప్రమాదం ఒక్కటే కాదు, ఒక్క నొక్కుడుకి వరసగా పేలేది ఆటోమేటిక్ కిందకి, అంటే నిషేధిత ఆయుధం కిందకి పోయే అనుమానం తెస్తుంది. "చిన్న రిపేరే సార్" అన్నా కొనొద్దు, వాళ్ళే రిపేర్ చేయించి చూపిస్తే అప్పుడు చూద్దాం.

మోడల్ 8 లో బ్యారెల్, బోల్ట్ రెండూ లాక్ అయి కలిసి వెనక్కి వస్తాయి, బోల్ట్ వెనక ఆగుతుంది, బ్యారెల్ ముందుకి పోతుంది, ఆ తర్వాత బోల్ట్ పోతుంది. ఇదంతా బయట కనిపించే లావు జాకెట్ లోపల జరుగుతుంది, అక్కడ పాత గ్రీజు తారులా గట్టిపడి ఉంటుంది, స్ప్రింగులు వందేళ్ళ నాటివి అయితే బలం పోయి ఉంటాయి. జాకెట్ మీరు విప్పొద్దు, లోపల స్ప్రింగ్ బాగా నొక్కి పెట్టి ఉంటుంది, ముఖానికి తగుల్తుంది. వించెస్టర్ 1905 కుటుంబంలో అయితే లాక్ ఉండదు, బోల్ట్ బరువే అంతా ఆపుతుంది, ఆ బరువు రిసీవర్ (బోల్ట్ ఆడే ఇనుప పెట్టె) వెనక గోడకి తగలకుండా ఒక ఫైబర్ బఫర్ ఉంటుంది. ఆ బఫర్ కాలానికి పొడి పొడి అయిపోతుంది. అది చూపించండి అని అడగండి, లేదంటే రిసీవర్ వెనక చీలిక ఉందేమో లెన్స్‌తో చూడండి.

కట్టె గురించి తొందరగా చెప్పేస్తా. రిసీవర్ వెనక కట్టె కలిసే చోట సన్నటి చీలికలు, నూనె ఇంకి నల్లబడి మెత్తబడ్డ చోటు, అంతే. కట్టె కన్నా మెటల్ పైకి లేచి కనిపిస్తే ఎవరో గట్టిగా సాండ్ పేపర్ కొట్టారు. బ్లూయింగ్ (ఇనుము మీది నీలి నలుపు పూత) కొత్తగా మెరుస్తూ అక్షరాలు మసకగా ఉంటే రుద్ది మళ్ళీ వేశారు, దానికి ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

కాల్చి చూడడం

రేంజ్‌లో మాత్రమే, అమ్మేవాళ్ళ లైసెన్స్ మీద, వాళ్ళు పక్కనే ఉండగా, రేంజ్ పర్మిషన్‌తో. తోటలో, పొలంలో, చెరువు గట్టున వద్దు. పాత పెట్టెలో పదేళ్ళుగా పడున్న తూటాలు వద్దు. మొదట ఒక్క తూటా మాత్రమే పెట్టి కాల్చండి, కేసు తీసి చూడండి, మధ్యలో ఉబ్బిందా, చీలిందా, ప్రైమర్ బయటికి వచ్చిందా. బాగుంటే ఇంకో ఒకటి. తర్వాత రెండు పెట్టి, రెండోది ట్రిగ్గర్ వదిలి మళ్ళీ నొక్కాకే పేలిందా అని చూడండి. అది సరిగ్గా ఉంటేనే మ్యాగజైన్ నింపాలి. హెడ్‌స్పేస్ గేజ్ (తూటా ఛాంబర్‌లో సరిగ్గా కూర్చుంటుందా అని కొలిచేది) ఉన్న గన్‌స్మిత్ దొరికితే కాల్చడం కన్నా ముందే చూపించండి, ఛాంబర్ ఎవరో మార్చి కోశారనే అనుమానం ఉంటే అచ్చు తీయించి కొలిపించండి.

రేటు

1980ల మధ్య నుంచి విదేశీ తుపాకులు అమ్మకం కోసం దిగుమతి ఆగిపోయింది, అందుకే దేశంలో ఉన్న పాత విదేశీ తుపాకులకి బయట దేశాల్లో ఊహించలేని రేట్లు ఇక్కడ. అమ్మేవాళ్ళు పాత విదేశీ పిస్టల్ ఎంతకి పోయిందో విని అదే లెక్కలో చెప్తారు. ఆ పోలిక కుదరదు. సెమీ ఆటో రైఫిల్ తీసుకోగలిగే లైసెన్స్ ఉన్నవాళ్ళు తక్కువ, తూటా దొరికే క్యాలిబర్లు ఇంకా తక్కువ, అంటే కొనేవాళ్ళు తక్కువ. స్ప్రింగులు, బఫర్, గన్‌స్మిత్, డీలర్ కమిషన్ ఖర్చులు కాగితం మీద వేసి, అవి తీసేసి మాట్లాడండి. అడ్వాన్స్ ఇవ్వాల్సి వస్తే "లైసెన్సింగ్ అథారిటీ ఒప్పుకోకపోతే వాపసు" అని రాయించుకుని, డీలర్ సాక్షి సంతకంతో, బ్యాంకు ద్వారానే.

వేట రైఫిల్ కదా, వేటకి పనికొస్తుందా అని అడిగేవాళ్ళకి: 1972 వన్యప్రాణి చట్టం ఉంది, రైఫిల్ ఉండడం వేటకి పర్మిషన్ కాదు. పంటలు తినే అడవిపందుల మాట కూడా అటవీ శాఖ ఆర్డర్ లేకుండా ఎత్తొద్దు.

ఇంటికి వచ్చాక

ముందు లైసెన్స్‌లో ఎంట్రీ పడాలి, తుపాకీ చూపించి ఇన్‌స్పెక్షన్ చేయించుకోవాలి, ఆ తర్వాతే ఇల్లు. బోల్ట్‌తో గోడకి బిగించిన స్టీలు బీరువా, తూటాలు వేరే తాళంలో. లెదర్ కవర్లో పెట్టొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. బెంగళూరులో జూన్ నుంచి అక్టోబర్ దాకా గాలి తడిగానే ఉంటుంది, సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టి నెలకోసారి మార్చండి, గుడ్డకి నూనె రాసి తుడవండి, ఎక్కువ పోస్తే కట్టెలోకి దిగుతుంది కాబట్టి బ్యారెల్ మూతి కిందకి ఉండేలా నిలబెట్టండి.

ఎన్నికలప్పుడు తుపాకులు డిపాజిట్ చేయమని ఆర్డర్ వస్తుంది. ఇచ్చేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి, మ్యాగజైన్, స్లింగ్ కూడా రసీదులో రాయించండి, తిరిగి తెచ్చుకున్న రోజే లోపలంతా శుభ్రం చేయండి. స్ప్రింగులు మార్పిస్తే పాతవి పారేయకుండా సీరియల్ నంబర్ రాసిన కవర్లో వేసి బిల్లుతో పాటు ఉంచండి, రేపు మీరు అమ్మేటప్పుడు అవతలివాళ్ళు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.